వంటింట్లో షెడ్డు మెయిన్

మధ్యాహ్నం షెడ్డులో దీపాలు ఆరిపోగానే చిత్రికాయన "వస్తున్నానే!" అని ఒక కేక పెడతాడు. తరవాత నెత్తి మీది పొట్టు దులుపుకుని, కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, పెరడు దాటి వంటింటి వైపు నడుస్తాడు. వంటింట్లో ఎవరూ ఉండరు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు.

ఆయన్ని వీధిలో అందరూ చిత్రికాయన అనే అంటారు. చెక్క మీది గరుకు తీసి నున్నగా చిత్రిక పట్టడంలో ఆయన చేతికి పేరుంది. ఆయన చేసిన బల్ల మీద ఈగ వాలినా జారిపడుతుందని ఎదురింటి టైలరు అంటూ ఉంటాడు. తలుపులు, కిటికీలు, మంచాలు, బడి పిల్లలు కూర్చునే బల్లలు, అన్నీ ఆ వెనక షెడ్డులోంచే వస్తాయి. ఆయన మాత్రం మాటల మనిషి కాదు. పది మాటలు చెప్పాల్సిన చోట గొంతు సవరించుకుని ఊరుకుంటాడు. అందుకే ఆ కేక వింటే పక్కింటివాళ్ళకి మొదట్లో ఒళ్ళు జలదరించేది. భార్య పోయాక మొదలైన కేక కాదు అది, భార్య ఉన్నప్పటి కేకే. వినేవాళ్ళు లేకపోయినా మానలేదు, అంతే.

ఇల్లు ముందు, షెడ్డు వెనక. రెండింటికీ మధ్య సిమెంటు చేసిన పెరడు, బట్టలారేసే తీగ, ఒక నీళ్ళ తొట్టి, తొట్టి మీద కుళాయి. షెడ్డుకి కరెంటు ఇంట్లోంచే వెళ్తుంది, నేల కింద పైపులో. షెడ్డు గోడకి ఒక ఇనప పెట్టె ఉంది. అందులో చిత్రిక మిషన్‌కి ఒక స్విచ్చు, రంపానికి ఒకటి, దీపాలకీ ఫ్యానుకీ కలిపి ఇంకొకటి. అన్నిటినీ ఒక్క దెబ్బకి ఆపే పెద్ద స్విచ్చు అందులో ఉండేది కాదు. అది వంటింట్లో ఉండేది, పొయ్యి పక్కన, ఉప్పు డబ్బా పెట్టే గూటికి పైన.

వంటింట్లో పెట్టించింది ఆయన భార్యే.

ఆమెది పెద్ద గొంతు. ఆమె తమ్ముడు చిన్నప్పుడు ఆమెని 'మైకు' అని ఏడిపించేవాడట. అంత గొంతూ చిత్రిక మిషన్ ముందు ఓడిపోయింది. కాపురానికి వచ్చిన కొత్తలో, వంట కాగానే పెరట్లోకి వచ్చి పిలిచేది. వినబడేది కాదు. గుమ్మంలో నిలబడి చేతులు ఊపేది. తల వంచుకుని పనిచేసే మనిషికి కనబడేది కాదు. వడ్డించిన కంచం చల్లారిపోయేది, ఆమె వేడెక్కిపోయేది.

"ఒరేయ్, ఆ షెడ్డు కరెంటు నా చేతికందేలా పెట్టరా," అంది ఒకరోజు తమ్ముడితో. అతను అప్పుడప్పుడే కరెంటు పని నేర్చుకుంటున్నాడు. షెడ్డులో అప్పటికి ఉన్నది ఒక దీపం, ఒక మిషన్. అక్క చెప్పింది కదాని వంటింట్లో పిడి ఉన్న పెద్ద స్విచ్చు ఒకటి బిగించి ఇచ్చాడు.

"ఇక చూడండి," అంది ఆమె మొగుడితో. "వంట కాగానే దించేస్తాను. చీకట్లో ఎంతసేపు పనిచేస్తారో నేనూ చూస్తాను."

అలా మొదలైంది. కరెంటు పోతే భోజనానికి పిలిచినట్టు. ఆయన "వస్తున్నానే!" అని అరిచేవాడు. మిషన్లన్నీ ఆగిపోయి ఉండేవి కాబట్టి ఆ కేక వంటింటి దాకా వినబడేది. తిన్నాక ఆయన చెయ్యి కడుక్కుని షెడ్డు గుమ్మంలోకి వెళ్ళేవాడు. అప్పుడు ఆమె వంటింటి కిటికీలోంచి "ఎత్తనా?" అని అడిగేది. ఆయన "ఎత్తు!" అనేవాడు. ఆ మాట వినకుండా ఆమె ఏనాడూ పిడి పైకెత్తలేదు. ఒకసారి మాత్రం ఆయన కుళాయి దగ్గరే ఉండి పరాకుగా "ఎత్తు" అనేశాడు. ఎవరూ లేని షెడ్డులో చిత్రిక మిషన్ ఒక్కసారిగా హోరుమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"మీకంటే మీ మిషనే నయం. పిలవకుండానే పనిలోకి దిగింది," అని ఆమె వారం రోజులు నవ్వింది.

దీనివల్ల ఆయనకి ఒక అలవాటు పడింది. కరెంటు పోగానే షెడ్డులో స్విచ్చులు కట్టేసేవాడు కాదు. ఎందుకు కట్టెయ్యాలి, అసలు పిడి ఆమె చేతిలో ఉంటే? మిషన్ కింద పొట్టు పడే సందు ఒకటుంటుంది. మధ్యాహ్నానికి అది కిక్కిరిసిపోతుంది. దీపాలు ఆరగానే ఆ సందులో చెయ్యి పెట్టి, కత్తుల మధ్య ఇరుక్కున్న పొట్టు వేళ్ళతో లాగి పారేసి, అప్పుడు భోజనానికి లేచేవాడు. కత్తుల దాకా చెయ్యి పోనిచ్చి నిమ్మళంగా కూనిరాగం తీసేవాడు. తన చెయ్యి భార్య దగ్గర తాకట్టు పెట్టినంత ధీమా.

ఏళ్ళు గడిచాయి. షెడ్డు పెరిగింది, రంపం వచ్చింది, ఫ్యాను వచ్చింది, గోడకి ఇనప పెట్టె వచ్చింది. అమ్మాయి పుట్టి పెద్దదై కళ్ళద్దాల షాపులో పనికి కుదిరింది. పిడి మాత్రం ఉప్పు డబ్బా పైనే ఉంది.

ఆ తరవాత ఆమెకి జబ్బు చేసింది. ఆస్పత్రికి వెళ్ళేముందు కూడా ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టి వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఆయన చాలాకాలం షెడ్డు తలుపు తియ్యలేదు. మిషన్ల మీద దుమ్ము పేరుకుంది. సాలీళ్ళు కిటికీ చువ్వల మధ్య నిమ్మళంగా కాపురాలు పెట్టాయి. చివరికి ఒకాయన తన కొత్త ఇంటి తలుపులు ఈయన చేస్తే తప్ప ఆ ఇంట్లో అడుగుపెట్టనని మొండికేస్తే, మొహమాటానికి ఒప్పుకున్నాడు. కూతురు పొద్దున్నే వండి, గిన్నెల మీద మూతలు పెట్టి పనికి వెళ్ళిపోయేది. "ఆకలేసినప్పుడు తిను నాన్నా," అనేది. ఆయనకి ఆకలి ఎప్పుడేస్తుందో తెలియదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆయన తరఫున ఇంకొకరు చూసుకున్నారు.

పని మొదలుపెట్టిన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం, మందపాటి పలకని చిత్రిక పడుతుండగా దీపాలు ఆరిపోయాయి. మిషన్ మూలుగుతూ ఆగింది. ఫ్యాను రెక్కలు నెమ్మదిగా తిరిగి తిరిగి నిలిచాయి.

"వస్తున్నానే!"

మాట నోట్లోంచి వచ్చేశాకగానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. చేతిలో పలక అలాగే ఉండిపోయింది. పెరట్లో తీగ మీద కూతురి తువ్వాలు ఊగుతోంది. వంటింటి కిటికీ తెరిచే ఉంది.

పెరడు దాటి వెళ్ళాడు. తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి లోపలికెళ్ళి చూశాడు. పిడి పైకే ఉంది. ఎవరూ దించలేదు. వంటింట్లో దీపం వేస్తే వెలిగింది. ఇంట్లో కరెంటు ఉంది, షెడ్డులోనే లేదు. ఆయన ఆ గోడకేసి చాలాసేపు చూశాడు. ఆయన్ని పట్టుకున్నది భయం కాదు, భయం పక్కనే నిలబడ్డ ఇంకేదో. మూతలు తీసి, కింద కూర్చుని, చివరి మెతుకు దాకా తిన్నాడు. ఆమె పోయాక కంచం అలా ఖాళీ చెయ్యడం అదే మొదలు.

చెయ్యి కడుక్కుంటుండగా షెడ్డులో మిషన్ హోరుమంది. దానంతట అదే.

మామూలు మనిషైతే ఆ పూటే కరెంటు పనివాణ్ణి పిలిచేవాడు. కరెంటు పనివాడు ఈయనకి స్వయానా బావమరిది, నాలుగు వీధుల అవతలే ఉంటాడు. ఈయన పిలవలేదు. కూతురికీ చెప్పలేదు. గుండెలో పెట్టుకుని తిరిగాడు. మర్నాడు మళ్ళీ మధ్యాహ్నమయ్యేసరికి దీపాలు ఆరాయి. ఆ మర్నాడూ ఆరాయి. వారంలో ఒకటి రెండు రోజులు ఆరేవి కావు. ఆ రోజుల్లో ఆయన మొహం వేలాడేసుకుని, తనవల్ల ఏం తప్పు జరిగిందా అని ఆలోచించేవాడు. ఉలితో సన్నపని చేసుకునే రోజుల్లో అసలు పిలుపే రాదని కొన్నాళ్ళకి ఆయన కనిపెట్టాడు. ఆమెకి ఆ టకటక నచ్చదేమో, మిషన్ చప్పుడుకే అలవాటు పడిన మనిషి కదా అని సమాధానం చెప్పుకున్నాడు. అప్పటినుంచి పొద్దంతా సన్నపని చేసినా, మధ్యాహ్నం ముందు మాత్రం లావుపాటి పలకలు తీసి మిషన్ మీద పెట్టేవాడు. అవసరం లేని పలకలు కూడా. నున్నగా చేసిన చెక్కలు గోడ వారగా పేరుకుపోయాయి.

"ఎవరికి నాన్నా ఇన్ని?" అంది కూతురు.

"పడి ఉంటాయి. చెక్క ఏమైనా అన్నమా, పాచిపోడానికి?"

"అద్దంలా ఉన్నాయి. ఇందులో మొహం చూసుకోవచ్చు."

ఆయన గొంతు సవరించుకుని ఊరుకున్నాడు.

ఇలా నడుస్తుండగా, ఒకరోజు కళ్ళద్దాల షాపులో గోడలకి రంగులు వేస్తున్నారని కూతుర్ని మధ్యాహ్నానికే పంపేశారు. ఆమె ఇంట్లోకి వెళ్ళకుండా నాన్నని పిలుద్దామని నేరుగా షెడ్డుకే వచ్చింది. అప్పుడే దీపాలు ఆరాయి. చిత్రికాయన మిషన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సందులో మోచెయ్యి దాకా పెట్టి, పాత గుడ్డముక్కతో కత్తుల మధ్య పొట్టు తుడుస్తున్నాడు.

"వస్తున్నానే! ఒక్క క్షణం," అన్నాడు తల ఎత్తకుండా. గొంతులో ముద్దు ఉంది, కొంచెం విసుగు కూడా ఉంది.

"ఎవరితో నాన్నా?"

ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ పిల్లాడిలా మొహం పెట్టి గుమ్మం వైపు తిరిగాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు.

దీపాలు వెలిగాయి. మిషన్ హోరెత్తింది. లోపల వదిలేసిన గుడ్డముక్కని కత్తులు ఒక్క గుటకలో లాగేసుకుని, పోగులు పోగులుగా సందులోంచి కక్కాయి. కొన్ని పోగులు వచ్చి ఆయన ఒళ్ళో పడ్డాయి.

కూతురు పరుగెత్తి పెట్టెలో స్విచ్చులన్నీ చేతికందినవి అందినట్టు కట్టేసింది. ఏది దేనిదో ఆమెకి తెలియదు. అన్నీ కట్టేశాక కూడా ఆమె చెయ్యి పెట్టె మీదినుంచి రాలేదు. ఆయన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, వేళ్ళు తడిమి చూసుకుంటూ కూర్చున్నాడు. అన్నీ ఉన్నాయి.

"మామయ్యని పిలుస్తున్నాను," అంది ఆమె. గొంతు వాళ్ళమ్మ గొంతంత పెద్దదైంది.

బావమరిది సాయంత్రం పనిముట్ల సంచీతో దిగాడు. నోటి దురుసు మనిషి. అక్క పోయాక కూడా బావని ఆటపట్టించడం మానలేదు. మానితే ఇద్దరికీ ఏడుపొస్తుందని వాళ్ళకి తెలుసు.

"ఏం బావా, వేళ్ళు ఎక్కువయ్యాయా? ఉలితో చెక్కి తీసుకోవాలిగానీ మిషన్‌తో ఎందుకు?"

"నోరు మూసుకుని వచ్చిన పని చూడరా."

అతను ఇనప పెట్టె మూత తీసి టార్చి వేసి చూశాడు. నవ్వు ఆగింది. "దీనికి మెయిన్ ఏది?"

"వంటింట్లో. నువ్వేగా పెట్టింది."

"అప్పుడు ఇక్కడ ఉన్నది ఒక దీపం, ఒక మిషన్ బావా. ఇప్పుడిది చిన్నపాటి ఫ్యాక్టరీ. ఈ పెట్టె ఇంట్లోనే పక్క గదిలో ఉంటే నేనేమీ అనను. ఆ మెయినే దీనికీ సరిపోతుంది. ఇది వేరే కప్పు కింద ఉంది. కప్పు వేరైతే, తీగ లోపలికి వచ్చిన చోటే దాని మెయిన్ దానికి ఉండాలి. నిప్పంటుకుందనుకో. చెయ్యి ఇరుక్కుందనుకో. పెరడు దాటి, తాళం తీసి, వంటింట్లోకెళ్ళి ఆపుతావా?"

"నేను పరుగెత్తగలను."

"ఇరుక్కున్న చేత్తోనా?"

చిత్రికాయన కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"రేపు ఇక్కడ, తలుపు పక్కన మెయిన్ పెడతాను. దించితే షెడ్డంతా చచ్చినట్టు పడుండాలి. దించాక తాళం వేసుకునే రకం పెడతాను. వంటింటి స్విచ్చు పీకేసి, ఇంటి పెట్టెలో తీగకి సరిపడా బ్రేకరు వేస్తే సరి."

"వద్దు."

"ఏం వద్దు?"

"ఏదీ వద్దు. వంటింట్లోది ముట్టుకోకు."

కూతురు తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. "నాన్నా, ఇంకొక్క క్షణం ఆలస్యమైతే నేనివాళ ఏం చూసేదాన్ని? రేపు షాపుకి ఎలా వెళ్ళను? అక్కడ కూర్చుని మధ్యాహ్నమైనప్పుడల్లా నీ చెయ్యే గుర్తొస్తుంది నాకు. మెయినైనా పెట్టించుకో, షెడ్డైనా మూసెయ్. లేకపోతే పని మానేసి నేను ఇంట్లో కూర్చుంటాను."

చిత్రికాయన మిషన్ కింద పడున్న గుడ్డపోగు ఒకటి తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

"మీ అమ్మ పిలుస్తోందే," అన్నాడు చివరికి.

బావమరిది టార్చి ఆర్పాడు. చిత్రికాయన జన్మలో ఎప్పుడూ అన్ని మాటలు ఒక్కసారి చెప్పలేదు. పిడి పైకే ఉండటం, తాళం వేసినట్టే ఉండటం, ఉలి పని రోజుల్లో పిలుపు రాకపోవడం, తను కావాలని పలకలు పెట్టడం, అన్నీ చెప్పాడు. "నాకు పిచ్చి లేదురా. ఆమె లేదని తెలుసు. అయినా భోజనం వేళకి ఎవరో ఒకరు పిలుస్తున్నారు కదా. దాన్ని పీకేస్తే ఇంక ఆ పిలుపు కూడా ఉండదు."

బావమరిది నవ్వుతాడేమోనని కూతురు భయపడింది. అతను నవ్వలేదు. ముక్కు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని, "రా బావా, వంటింట్లోకి," అన్నాడు.

ఉప్పు డబ్బా పక్కకి జరిపి, కరెంటు ఆపి, స్విచ్చు మూత విప్పాడు. మాడిన వాసన గుప్పుమంది. లోపల రాగి పలక నల్లబడి, దాన్ని పట్టుకునే బిగింపు వదులైపోయి ఉంది. పిడి పైకి ఉన్నా లోపలి పలక సగమే ఆనుతోంది.

"పొద్దున్నంతా సన్నపని చేస్తావు, దీనికేమీ కాదు. మధ్యాహ్నం ముందు లావు పలకలు పెడతావు. మిషన్ గట్టిగా లాగుతుంది, ఇది వేడెక్కుతుంది, పట్టు వదిలేస్తుంది. అప్పుడు కరెంటు పోతుంది. ఒకరోజు కాసేపటికి, ఒకరోజు వెంటనే చల్లారుతుంది, మళ్ళీ అంటుకుంటుంది. అప్పుడు వస్తుంది."

చిత్రికాయన ఆ నల్లటి రాగి వైపు చూశాడు. "అయితే అవనీ. ఆమే ఇలా చేయిస్తోందేమో. నీకేం తెలుసు?"

"నాకు తెలియదు," అన్నాడు బావమరిది. "నువ్వొకటి చెప్పు. అక్క ఎప్పుడైనా నిన్ను అడక్కుండా ఈ పిడి ఎత్తిందా?"

ఆయన ఉప్పు డబ్బా వైపు చూశాడు.

"'ఎత్తనా' అని అడిగేదా లేదా?"

"అడిగేది."

"నువ్వు చెప్పకముందు ఒక్కసారైనా ఎత్తిందా బావా?"

"లేదు."

"ఇది అడగట్లేదు. నీ చెయ్యి లోపలుందో బయటుందో చూడకుండా ఎత్తేస్తోంది." అతను విప్పిన మూత గట్టు మీద పెట్టాడు. "ఇది అక్క కాదు బావా. మా అక్క ఇలా చెయ్యదు."

చిత్రికాయన ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. మూత తీశాడు, పెట్టాడు. ఆ వంటింట్లో ఆయన ఏడవడం కూతురు మొదటిసారి చూసింది. ఆస్పత్రిలో కూడా ఆయన ఏడవలేదు. బావమరిది గోడ వైపు తిరిగి స్క్రూలు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

"పెట్టు," అన్నాడు చిత్రికాయన డబ్బా మళ్ళీ గూట్లో పెట్టి. "తలుపు పక్కనే పెట్టు."

మర్నాడు పని అయిపోయింది. షెడ్డు తలుపు పక్కన, భుజమంత ఎత్తులో కొత్త మెయిన్ వచ్చింది. వంటింటి స్విచ్చు పీకబోతే గోడ పెచ్చులూడేలా ఉంది. తీగలు విప్పేసి, ఖాళీ డొల్లని అక్కడే వదిలెయ్యమన్నాడు చిత్రికాయన.

మొదటిరోజు మధ్యాహ్నం దాటిపోయింది. ఎవరూ పిలవలేదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆయన వెలుగుతున్న దీపం కేసి చూస్తూ పని చేసుకుపోయాడు. సాయంత్రం కూతురు వచ్చేసరికి గిన్నెల మీద మూతలు అలాగే ఉన్నాయి. ఆమె వేడిచేసి పెట్టింది.

రెండోరోజు కడుపులో కరకరలాడింది. ఆయన చెయ్యి మెయిన్ మీద పెట్టి కాసేపు నిలబడ్డాడు. తన భోజనానికి తనే పిలుచుకోవడం ఎలాగో తెలియని మనిషిలా నిలబడ్డాడు. తరవాత దించాడు. మిషన్ మూలుగుతూ ఆగింది, ఫ్యాను నిలిచింది, షెడ్డు చీకటైంది. అలవాటు చొప్పున మాట అదే వచ్చింది.

"వస్తున్నానే!"

వంటింట్లో డొల్ల స్విచ్చు పిడి ఆయన పొద్దున్న షెడ్డుకి వెళ్తూ పైకి నెట్టి వెళ్తాడు. విప్పి బిగించాక దాని పట్టు పోయింది, పైన సరిగా నిలవదు. బావమరిది ఆ మాట ముందే చెప్పాడు. భోజనానికి వచ్చేసరికి కొన్నాళ్ళు పైనే ఉంటుంది, కొన్నాళ్ళు కిందికి దిగి ఉంటుంది. దిగి ఉన్నరోజు ఆయన ఇంకో గరిటెడు కూర ఎక్కువ వడ్డించుకుంటాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పడు, కూతురు అడగదు.

గోడ వారగా పేరుకున్న నున్నటి పలకలతో ఆయన కూతురికి ఒక బీరువా చేసిపెట్టాడు. ఇప్పటికీ రోజూ పనిచేస్తాడు. మధ్యాహ్నం షెడ్డు మెయిన్ దించి, దానికి తాళం వేసి, ఆ తరవాతే మిషన్ సందులో చెయ్యి పెడతాడు. తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంటుంది.